కుడితి తాగిన పూలమడి

అతెంపా వాడలో హెర్మెలిండా వస్తోందంటే ముందు ఆమె తిట్లు వినిపిస్తాయి. తరవాత గెడ నీళ్ళలో దిగిన చప్పుడు. ఆ తరవాతే దోనె మలుపు తిరుగుతుంది. తిట్లు మనుషులకి కాదులెండి, కాలవంతా అల్లుకున్న గుర్రపుడెక్కకి. "తప్పుకోవే ముదనష్టపుదానా! కాలవ నీ అబ్బ సొత్తా?" అంటూ గెడతో దాన్ని పక్కకి తోస్తుంది. ఒడ్డున కలుపు తీసేవాళ్ళు తల ఎత్తకుండానే నవ్వుకుంటారు. ఆ శీతాకాలం మాత్రం దోనె ఎదురుగా వచ్చి నిలిచేదాకా ఆమె వస్తున్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. హెర్మెలిండా తిట్టడం మానేసింది.

ఆమె ఈ నీళ్ళలో పుట్టలేదు. పుట్టిల్లు పైన కొండమీద, పైన్ చెట్ల మధ్య. తండ్రి అడవిలో రాలి కుళ్ళిన ఆకుమట్టిని బస్తాలకెత్తి, కింద కాలవల ఊరు సోచిమిల్కోలో పూలతోటలవాళ్ళకి అమ్మేవాడు. నల్లగా, తేలిగ్గా, గుప్పిట పడితే పులుపు వాసన వేసే మట్టి. ఆ బస్తాల మీద కూర్చునే ఆమె మొదటిసారి కాలవలు చూసింది. బస్తాలు దించుకోడానికి వచ్చిన ఫిదెన్సియో ఆమె వైపు చూసి, "ఈ బస్తా కూడా అమ్మకానికేనా మామా?" అన్నాడట. తండ్రి వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. మరుసటేడు పిల్లనీ ఇచ్చాడు.

అత్త సెలెదోనియా కొండపిల్లని చూసి పెదవి విరిచింది. "కాళ్ళు చూడు, మేక కాళ్ళు. దోనెలో నిలబడితే తను మునిగి మననీ ముంచుతుంది" అంది. నిజంగానే మునిగింది, ఒకసారి కాదు. తడిసిన పావడా పిండుకుని మళ్ళీ ఎక్కింది. పొడుగాటి గెడ చివర గుడ్డసంచి కట్టి కాలవ అడుగునించి బురద తోడటం, దాన్ని ఒడ్డున పరిచి కాస్త గట్టిపడ్డాక కత్తితో నాలుగు పలకల ముక్కలుగా కోయటం, ఒక్కో ముక్కలో వేలితో గుంట చేసి విత్తనం పెట్టటం, మొలక బలపడ్డాక ముక్కతో సహా ఎత్తి మడిలో నాటటం, ఒకటొకటిగా నేర్చుకుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో చాపలాంటి నేల. దాన్ని చినాంపా అంటారు. కొన్నేళ్ళకి ఆ చినాంపా మీద హెర్మెలిండా నడుస్తుంటే ఆ నేల ఆమెతోపాటే పుట్టిందనిపించేది.

అత్త నేర్పినవాటిలో ఇంకొకటి ఉంది. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, నాననిచ్చి, కడిగి రుబ్బితేనే అక్కడ రొట్టెలకి పిండి. గింజ తీసేశాక కుండలో పసుపుపచ్చగా చిక్కగా జిగట నీళ్ళు మిగులుతాయి. సున్నపు కుడితి. "ఇది కాలవపాలు చేశావంటే చేతులు విరగ్గొడతా" అంది అత్త. "గింజ తన బలమంతా ఇందులో వదిలింది. మనం రొట్టె తింటాం, మడి కుడితి తాగుతుంది. దాన్ని పస్తు పెట్టిన ఇల్లు బాగుపడదు." రేవు పక్కనున్న పూలమడికి రోజూ ఆ కుడితి పోసేవారు. అత్త పోయాక కూడా హెర్మెలిండా ఒక్క పూట మానలేదు.

ఆ మడి వట్టి మడి కాదు. అతెంపా వాడకి ఒక బాల యేసు ఉన్నాడు. చెక్కబొమ్మ, చంకనెత్తుకునేంత. ముద్దులకి ఒక బుగ్గ రంగు అరిగిపోయింది. ఆయనకి గుడి లేదు, ఏడాదికొక ఇల్లు. శీతాకాలం చివర కొవ్వొత్తుల పండుగనాడు దోనెలో పాత ఇంటినించి కొత్త ఇంటికి వస్తాడు. ఆ భాగ్యం కోసం తండ్రులు అడిగితే కొడుకులు ముసలివాళ్ళయ్యే వేళకి వంతొస్తుంది. షరతు ఒక్కటే. రేవు పక్క మడిలో, ఆ ఇంటివాళ్ళు తమ కాలవనించి తోడిన బురదలో పెరిగిన కుక్కపిల్ల పూలు విచ్చి ఉండాలి. రెండువేళ్ళతో బుగ్గలు నొక్కితే కుక్కపిల్లలా నోరు తెరిచే ఆ పూలంటే బాలుడికి ఆట అని నమ్మకం. మడి పూసి ఉంటే దోనె ఆగుతుంది, బాలుణ్ణి మోసేవాళ్ళు ఆ పూలమధ్యగా నడిచి ఇంట్లోకి వస్తారు. పూయకపోతే దోనె ఆగదు. అలాగే సాగి తరవాతి వంతు ఇంటికి వెళ్ళిపోతుంది.

ఒకసారి అలా ఆగకుండా పోయిందని చెప్తారు. ఎవరిల్లో చెప్పరు. కాలవ చివర కూలిన గోడలకేసి గడ్డంతో చూపిస్తారు, అంతే. ఆ రేవు మెట్ల మీద ఇప్పుడు రెల్లు మొలిచింది.

ఫిదెన్సియో తండ్రి అడిగిన వంతు ఆ వచ్చే కొవ్వొత్తుల పండుగకి వచ్చింది. అడిగిన మామా లేడు, "మడి జాగ్రత్తే" అని చివరిమాటగా చెప్పిన అత్తా లేదు. ఉన్నది హెర్మెలిండా, ఫిదెన్సియో, రేవులో యాత్రికుల పడవ నడిపే కొడుకు, రోడ్డువైపు ఒక మొక్కల తోటలో పనిచేసే కోడలు రొసౌరా.

వానలు వెనకబట్టగానే ఫిదెన్సియో బురద తోడాడు. అది ఎప్పట్లా నల్లగా రాలేదు. బూడిదరంగులో, సబ్బుముక్కలా జారుతూ వచ్చింది. ఊటనీళ్ళన్నీ నగరం ఏనాడో గొట్టాల్లో పట్టుకుపోయింది. ఇప్పుడు కాలవలో పారేది నగరం వాడుకుని, కడిగి తిరిగి పంపిన నీళ్ళు. అది అందరికీ అలవాటైన సంగతే. కానీ ఆ ఏడు బురద ఆరుతుంటే అంచుల్లో తెల్లగా ఏదో పొక్కింది.

"అప్పుడే మంచు పడిందేంటే?" అన్నాడు ఫిదెన్సియో.

హెర్మెలిండా వేలితో గీకి చూసింది. చల్లగా లేదు. "కొంగల రెట్టలే" అంది.

ఆ రేవుకి కొంగలు రావడం మానేసి చాన్నాళ్ళయిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మొలకలు బాగానే వచ్చాయి. ముక్కలు మడిలో నాటారు. ఇక ఇల్లు ఇల్లులా లేదు. బాలుడికి గది కట్టాలి, కప్పు వెయ్యాలి, రేవు మెట్లు సరిచెయ్యాలి. వాడంతా వచ్చి చెయ్యి వేస్తుంది. వేసిన చేతులన్నిటికీ ఇంటివాళ్ళు తిండి పెట్టాలి. అటకమీది పెద్ద కుండలు దిగాయి. ఇదివరకు చిన్న కుండలో నానే మొక్కజొన్న ఇప్పుడు పొయ్యి ఆరకుండా ఉడుకుతోంది. కుడితి బకెట్లకి బకెట్లు మిగులుతోంది. అంతా మడికే.

"మన ఇంట్లో కడుపునిండా తాగేది ఇదొక్కటే" అన్నాడు ఫిదెన్సియో, బకెట్టు అందిస్తూ.

"తాగనీ. దీని కడుపు నిండితేనే మన పరువు నిలిచేది."

కొన్నాళ్ళకి పసుపు కనిపించింది. ముందు లేతాకులకి. కింద ముదురాకులు పచ్చగానే ఉన్నాయి, కొసన కొత్తగా విచ్చేవే పాలిపోయి విచ్చుతున్నాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా, ముసలివాళ్ళ చేతి నరాల్లా తేలి కనిపిస్తున్నాయి. హెర్మెలిండా మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆకలి అనుకుంది. ఇంత పెద్ద పండుగకి పూయాలంటే ఆకలి వెయ్యదూ? కుడితి ఒక పూటకి బదులు రెండు పూటలా పోసింది. పొయ్యిలో బూడిద కూడా తెచ్చి మొదళ్ళలో చల్లింది. వారం తిరిగేసరికి పసుపు తెలుపైంది.

తరవాతి వంతు ఎవులాలియాది. కాలవకి అవతలి ఒడ్డున ఇల్లు. ఒకనాడు దోనె నెమ్మదిగా నడుపుకుంటూ మడి పక్కన ఆపింది.

"వదినా, నీ కుక్కపిల్లలకి కామెర్లొచ్చాయేంటి?"

"చలికి ముడుచుకున్నాయిలే. నీ మడి సంగతి చూసుకో."

"నా మడికేం? కళకళలాడుతోంది. నీది తిరగబడితే దోనె మా రేవుకే వస్తుంది, మర్చిపోకు."

"అంత కళకళలాడేదానికి చుట్టూ దుప్పట్లెందుకు కట్టావే? సిగ్గుపడుతోందా?"

ఎవులాలియా గెడ ఒక్క క్షణం నీళ్ళలోనే ఉండిపోయింది. "దిష్టికి. నీ కళ్ళు మంచివి కాదుగా వదినా!" అని నవ్వి దోనె తోసుకుపోయింది. ఆ నవ్వు మలుపుదాకా కూడా సాగలేదు.

హెర్మెలిండా అప్పుడు కాలవ పొడుగునా చూసింది. వంతు ఉన్నా లేకపోయినా ప్రతి రేవు పక్కనా ఒక మడి ఉంటుంది, బాలుడు పోయే దారి కదా. ఆ ఏడు ఏ మడి చూసినా చుట్టూ ఏదో ఒకటి కట్టి ఉంది. పాత దుప్పటి, నీలం పట్టా, రెల్లుతడిక. ఎవర్నడిగినా మంచుకి అన్నారు. మంచు ఇంకా పడనేలేదు.

రొసౌరా మాత్రం అత్త మడి చూసి ఊరుకోలేకపోయింది.

"అత్తా, ఇది ఆకలి కాదేమో."

"నీకేం తెలుసు? ప్లాస్టిక్ కుండీల్లో పెంచేదానివి."

"మా తోటలో పెతూనియా పూలమొక్కలకి ఇలాగే వస్తుంది, కాలవనీళ్ళు పోసి పోసి. లేతాకు ముందు పోతుంది, ఈనెలు మిగులుతాయి. మట్టి మార్చి పెడితే తేరుకుంటాయి."

"మట్టి మార్చడమా? బాలుడు నడిచే మడిలో ఎక్కడిదో మట్టా? మీ అత్తగారి అత్త లేచి వస్తుంది!"

"వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇద్దాం. ఆవిడనే అడుగుదాం" అంది రొసౌరా. గట్టిగా వాదించే పిల్ల కాదు. వంటకొవ్వు అయిపోయిన ఖాళీ రేకు డబ్బాలు తెచ్చి అడుగున చిల్లులు పొడిచింది. మడిలోంచి మొక్కలు కొన్ని తీసింది. కొన్నిటికి మళ్ళీ కాలవ బురదే పెట్టింది. కొన్నిటికి సగం బురద, సగం కొండ ఆకుమట్టి. కొన్నిటికి ఆకుమట్టిలో, నీళ్ళ మీద తేలే నురుగురాయి నలిపి కలిపింది. ఇంకొన్నిటికి తోటలోంచి తెచ్చిన కొబ్బరి పొట్టు. అన్నీ రేవు గోడ మీద వరసగా పెట్టింది. నీళ్ళు మాత్రం అన్నిటికీ ఆ కాలవవే. "చూద్దాం అత్తా. నువ్వూ చూడు, నేనూ చూస్తా."

ఎదురుగా ఎవరైనా ఉంటే హెర్మెలిండా ఆ గోడవైపు చూసేది కాదు. లేనప్పుడు ఆకుమట్టి డబ్బా దగ్గరకి వెళ్ళి వంగి వాసన చూసేది. తండ్రి చొక్కా వాసన. చిన్నప్పుడు ఆ మట్టి గోళ్ళలో ఇరుక్కుంటే రోజుల తరబడి పోయేది కాదు.

డబ్బాల్లో తేడా తొందరగానే తేలింది. కొబ్బరి పొట్టులోవి బతికాయి కానీ బక్కగా, గాలికే వాలిపోతూ. సగం సగంలోవి కొసల్లో కాస్త పాలిపోయినా మొగ్గ తొడిగాయి. ఆకుమట్టీ నురుగురాయీ కలిపినవి ముదురుపచ్చగా, గుబురుగా లేచాయి. బురదలోవి పసుపే. అదంతా ఒక ఎత్తు, హెర్మెలిండాని నిద్రపోనివ్వనిది వేరే. డబ్బాలో బురదా, మడిలో బురదా ఒకే సంచిలోంచి వచ్చింది. తాగేదీ ఒకే నీళ్ళు. మరి డబ్బాలోది పసుపుతో ఆగితే, మడిలోది అంచులు మాడి చచ్చిపోతోందేం?

"మడిని నువ్వు ఎక్కువ ముద్దు చేశావులే" అన్నాడు ఫిదెన్సియో. తమాషాకే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం. పనివాళ్ళందరూ తిని లేచాక ఆమె చిక్కుడు ముద్ద కూరిన మందపాటి రొట్టె చేత్తో పట్టుకుని మడిగట్టు మీద కూలబడింది. అలవాటుగా నిమ్మచెక్క పిండింది. నాలుగు చుక్కలు రొట్టె మీంచి జారి మట్టిలో పడ్డాయి.

మట్టి చుయ్యిమంది.

హెర్మెలిండా నమల్డం ఆపింది. చుక్కలు పడ్డచోట తెల్లటి బుడగలు లేచి, బుసబుసలాడి అణిగిపోయాయి. రొట్టె పక్కన పెట్టి నిమ్మచెక్క మొత్తం మట్టి మీద పిండింది. మళ్ళీ అదే చప్పుడు, ఇంకాస్త పెద్దగా. ఎండలో కూర్చున్నా ఆమె చేతులమీద రోమాలు లేచాయి. ఎందుకంటే ఆ చప్పుడు ఆమెకి కొత్తది కాదు. పెళ్ళయిన నాటినుంచీ వింటున్నదే. మొక్కజొన్న నానేసిన కుండల లోపల సున్నం రాయిలా పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి పిండేసిన నిమ్మచెక్కలతో రుద్దుతారు. రుద్దినప్పుడు కుండ సరిగ్గా ఇలాగే బుసకొడుతుంది.

మడి కుండ అయిపోయింది. చేసింది తన రెండు చేతులే.

సాయంత్రం కోడలు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. రొసౌరా రాగానే ఇంకో నిమ్మచెక్క పిండి వినిపించింది. ఫిదెన్సియో కూడా వచ్చి విన్నాడు. ఏదో తమాషా మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అత్తగారు పోసింది, అప్పుడేం కాలేదే" అంది హెర్మెలిండా. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఆవిడ పోస్తే నడుమెత్తు పూసేవి."

"అప్పుడు ఊటనీళ్ళు అత్తా, కడుక్కుపోయేవి. కుండ కూడా మీ నలుగురికీ సరిపడేది. ఇప్పుడు నీళ్ళే సున్నం. నువ్వు పొయ్యకపోయినా ఏదో ఒకనాడు వచ్చేదే."

"ఏదో ఒకనాడు కాదుగా. ఈ పండుగకి తెచ్చాను."

ఆ రోజునించి మడికి కుడితి ఆగింది. వాడ అంతా తింటూనే ఉంది కాబట్టి కుండలు ఆగలేదు. మొదటి బకెట్టు పెద్దలమాట కాదని కాలవలో వంచింది. తెల్లటి మబ్బు నీళ్ళలో నెమ్మదిగా విచ్చుకుంది. కాసేపటికి వేలెడంత చేపలు నాలుగైదు పొట్ట తిప్పి తేలాయి. ఆమె వాటిని గుర్రపుడెక్క కిందకి నెట్టి చుట్టూ చూసింది. ఆ తరవాత కుడితి వంటింటి వెనక పీపాల్లో పట్టడం మొదలుపెట్టింది. పీపాలు నిండుతున్నాయి. పైన తెల్లటి పొర కడుతోంది.

మడిని దక్కించుకోడానికి చెయ్యాల్సిందంతా చేసింది. పైమట్టి గీకి పారేసింది. అనాసతొక్కలు పులియబెట్టిన పుల్లనీళ్ళు బకెట్టుకింత కలిపి పోసింది. మడి ఆ పులుపునీ మింగి బుసకొట్టింది, అంతే. మొగ్గలు విచ్చకుండానే గోధుమరంగు తిరిగి రాలిపోయాయి. అటు గోడమీది డబ్బాలు మిగిలాయి కదా అనుకుంటే, పండుగ దగ్గరపడుతుండగా ఆకుమట్టిలోని వాటికీ కొసన ఒక ఆకు పాలిపోయింది. రొసౌరా ఆ ఆకుని వేళ్ళమధ్య పట్టుకుని, "ఇక్కడికీ వస్తోంది" అంది. నీళ్ళు చేరిన చోటికల్లా సున్నమూ చేరుతుంది. అప్పట్నించి డబ్బాలకి ఆ పుల్లనీళ్ళు కలపకుండా చుక్క పొయ్యలేదు. పసుపు అక్కడ ఆగింది. పోలేదు, ఆగింది. డబ్బాల్లో మొగ్గలు విచ్చాయి. తెలుపు, గులాబీ, వైనురంగు.

పండుగ ముందురోజు ఆనవాయితీ ప్రకారం, అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే క్రెసెన్సియా వచ్చి మడి చూడాలి. వాడలో అందరికంటే పెద్దది, బాలుడి బట్టలపెట్టె ఆమె దగ్గరే ఉంటుంది. దోనె ఆగేదీ లేనిదీ ఆమె మాట.

పొద్దున్నే ఫిదెన్సియో పార తెచ్చాడు. "డబ్బాలు మడిలో పూడ్చేద్దాం. అంచులు కనపడకుండా బురద సర్దితే ఎవడికి తెలుస్తుంది?"

"బాలుడికి?"

"ఆయన చెక్క..." అనేసి నాలిక కరుచుకుని, గబగబా సిలువ వేసుకుని ఆకాశంకేసి చూశాడు. "నా ఉద్దేశం అది కాదు సామీ."

హెర్మెలిండాకి నవ్వు రాలేదు. కాలవ చివరి కూలిన గోడలు ఇక్కడినించి కనిపించవు, అయినా అటే చూసింది. "పూడ్చు" అంది.

క్రెసెన్సియాని దోనెలో తీసుకొచ్చింది ఎవులాలియా. ముసలామె మెట్లెక్కి, పూలమధ్య నెమ్మదిగా వంగి, ఒక పువ్వు బుగ్గలు నొక్కింది. పువ్వు నోరు తెరిచింది. "అరిచిందే!" అని పళ్ళులేని నోటితో నవ్వింది. తరవాత పాతకాలంవాళ్ళ పద్ధతిలో మడిలోంచి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుంది. నవ్వు పోయింది. పక్కకి ఉమ్మి, చేతికర్ర కొనతో పూలమొదట్లో పొడిచింది. టంగుమంది.

"ఈ కుక్కపిల్లలకి రేకు చెప్పులెవరు తొడిగారే?"

ఫిదెన్సియో అవతలి ఒడ్డు చెట్లు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. హెర్మెలిండా ముందుకొచ్చింది.

"మేమే పెద్దమ్మా. మడిలోవి చచ్చిపోయాయి. కుడితి పోసి పోసి నేనే చంపాను. ఈ డబ్బాల్లోది కొండ ఆకుమట్టి, మా నాన్న అమ్మిన మట్టి. మా బురద కాదు." ఆమె వంగి ఒక రేకు అంచు మీది బురద తుడిచింది. "మా మామ కోరిక నా చేతుల్లో పోతోంది. అయినా అబద్ధమాడి ఆపుకోలేను. దోనె ఆగకపోతే ఆగకపోనీ."

క్రెసెన్సియా వెనక్కి తిరిగి రేవు మెట్టు మీదున్న ఎవులాలియాని చూసింది. "ఏమే, తరవాతి వంతు నీదిగా. మీ రేవుకి తీసుకుపొమ్మంటావా?"

ఎవులాలియా గెడని రెండు చేతులా పట్టుకుంది. ఎన్నాళ్ళుగానో కాలవ అవతలినించి దెప్పిపొడిచిన మనిషి, ఇప్పుడు హెర్మెలిండా మొహం చూడలేకపోయింది. "నా దుప్పట్ల వెనక ఏమీ లేదు పెద్దమ్మా" అంది. "ఎండుకర్రల్లా మొండి కాడలు. నేనూ కుడితే పోశాను."

"తెలుసులే. పొద్దుటినుంచి కాలవ పొడుగునా మట్టి నాకుతూనే వస్తున్నా, నాలిక మండిపోతోంది. పట్టాల వెనకా అదే, తడికల వెనకా అదే. నా మడీ ఇదే రుచి." ముసలామె మడిగట్టు మీద కూర్చుంది. "అందరం అలాంటి అత్తల దగ్గరే కదే నేర్చుకున్నాం."

కాలవ మీద గాలి లేదు.

"మరి దోనె?" అన్నాడు ఫిదెన్సియో చివరికి.

"ఆగుతుంది. ఇక్కడ ఆగక ఎక్కడికి పోతుంది?" అంది క్రెసెన్సియా. లేస్తూ హెర్మెలిండా కాళ్ళకేసి కర్రతో చూపించింది. "మీ అత్త వీటిని మేక కాళ్ళనేది. నువ్వూ కొండమీంచి దిగినదానివేగా, అయినా ఈ ఇంట్లో వేళ్ళు పట్టావు. ఈ పూలకీ అంతే. ఎవరన్నా అడిగితే నా మాటగా చెప్పు."

ఆ మాట కోసం హెర్మెలిండా ఏడాదంతా బతికింది. తీరా వచ్చాక అది లోపలెక్కడో రాయిలా పడింది. దోనె తన రేవులో ఆగుతోంది, పూసినందుకు కాదు. వాడ మొత్తం మీద ఇంకెక్కడా ఆగడానికి చోటు లేక.

మర్నాడు బాలుడు వచ్చాడు. ముందు బాజాలు, తారాజువ్వలు, తరవాత పూలదండలు చుట్టిన దోనె. రేవులో ఆగింది. మోసేవాళ్ళు ఆయన్ని ఎత్తుకుని డబ్బాల మధ్యగా నడిచారు. పిల్లలు వంగి పూల బుగ్గలు నొక్కుతుంటే పెద్దవాళ్ళు రేకు అంచులకేసి చూడకుండా పైకి చూస్తూ పాడారు. ఎవరూ ఏమీ అడగలేదు. గదిలో పీఠం మీద కూర్చోబెట్టాక హెర్మెలిండా ఆయన పట్టుబట్ట సర్దబోయింది. నడకలో ఎక్కడో మడి మట్టి తగిలినట్టుంది, అంచు పొడుగునా సన్నటి తెల్లగీత. భుజమ్మీది శాలువా కొసతో తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడవబోయి, పట్టు నలుగుతుందని మానేసింది. అరిగిన బుగ్గ ఆమె వైపే ఉంది.

పెరట్లో పంక్తులు సాగుతున్నాయి. వంటింట్లో ఎవులాలియా చేతులు మోచేతులదాకా పిండి. ఇంకో పెద్దకుండ మొక్కజొన్న దిగింది. గింజ తీసి కడిగి రుబ్బడానికి పంపారు. మిగిలిన కుడితి బకెట్టులో వంచుకుని హెర్మెలిండా పీపాల దగ్గరికి వెళ్ళింది. అన్నీ అంచులదాకా నిండి ఉన్నాయి. బకెట్టుతో రేవుకి వచ్చింది. ఒక పక్క డబ్బాల పూలతో మడి, ఒక పక్క కాలవ.

ఎవులాలియా గుమ్మంలోంచి చూసి, "ఎక్కడ పోస్తావు వదినా?" అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు. ఆమె ఇంట్లోనూ ఒక బకెట్టు అలాగే ఉన్నట్టుంది.

హెర్మెలిండా జవాబు చెప్పేలోపు లోపలినుంచి ఎవరో రొట్టెలు అయిపోయాయని కేకేశారు. మరో కుండ పొయ్యెక్కించాలి, సున్నం కలపాలి. ఆమె బకెట్టుని మడికీ కాలవకీ మధ్య మెట్టు మీద దించి, చేతులు పావడాకి తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఎండలో ఆ నీళ్ళ మీద అప్పుడే తెల్లటి పొర కట్టడం మొదలైంది.